ఉతికితే పోయే ఎరుపు

వరహాలమ్మ రోజూ తెల్లవారకముందే నూతి దగ్గర కూర్చుని తమ్ముడి గుడ్డలు ఉతికేది. అవి చాకలికి వెయ్యని గుడ్డలు. పాత పంచెలు చింపి, నాలుగేసి మడతలు వేసి కుట్టినవి, రోజుకి ఏడో ఎనిమిదో. ఉతకబోయేముందు ఒక్కొక్కదాన్నీ విప్పి, తూరుపు వెలుగుకి పట్టుకుని, రెండువైపులా చూసేది. అలా చూడడం ఆమెకి తల్లి అప్పగించి పోయిన పని. ఇరవై ఏళ్ళకి పైగా ఒక్క పొద్దు తప్పలేదు.

తమ్ముడు పైడన్న పుట్టినప్పుడు అతని బొడ్డు కింద పొట్ట మూసుకోలేదు. మూత్రం నిలవవలసిన సంచి లోపల ఉండకుండా, తిరగేసినట్టు పొట్టమీదే తెరుచుకుని ఉంది. అరచేతిలో సగం మేర ఎర్రటి పచ్చిమాంసం. దానిలోంచి రాత్రీ పగలూ చుక్కచుక్కగా ఊరుతూనే ఉండేది. మంత్రసాని చూసి మూడు రోజుల పిల్లాడంది. మూడు రోజులు గడిచాయి, మూడు నెలలు గడిచాయి, పైడన్న పాకాడు. నడక వచ్చాక చూస్తే కాళ్ళు ఎడంగా పడుతున్నాయి. నడుం ఎముకలు ముందువైపు కలవలేదని తరవాతెప్పుడో తెలిసింది. బరంపురం అద్దకాల వీధి పిల్లలకి అవేవీ అక్కర్లేదు. వాళ్ళు చూసిందల్లా నడకే. బాతు అన్నారు. పెద్దవాడయ్యాక ఆ పేరుకి గౌరవం కలిపి బాతన్న అన్నారు.

బడికి పంపితే నాలుగో రోజున పంతులు ఇంటికి వచ్చి, తల్లి కన్నమ్మతో, “పిల్లాడు తెలివైనోడేనమ్మా, గాని పక్కన ఎవుడూ కూకోడం నేదు” అని చెప్పి వెళ్ళిపోయాడు. తండ్రి మర్నాడు అతన్ని తనతో అద్దకం పాకకి తీసుకుపోయాడు. అప్పట్లో ఆ పాకలో పనంతా నీలిదే. నేలలో మెడదాకా పాతిన బానల్లో నీలిమందు, సున్నం, తగిరిస గింజల ఉడుకునీళ్ళు కలిపి వారం పది రోజులు పులియబెడతారు. పులిసిన బాన మూత తీస్తే కొత్తవాడు వాకిట్లోంచే వెనక్కి తిరుగుతాడు. ఆ కంపులో పైడన్న వాసన ఎవరికీ తెలియలేదు. అద్దకం చేసేవాళ్ళందరూ నడుందాకా తడిసే ఉంటారు గనక, అతని తడి కూడా ఎవరికీ పట్టలేదు. పుట్టిన తొమ్మిదేళ్ళకి ఆ కుర్రాడికి నలుగురిలో నిలబడడానికి ఒక చోటు దొరికింది.

దొరికిన చోటుని అతను గట్టిగా పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి, బాన సిద్ధమైందో లేదో నాలిక చివర చుక్క వేసుకుని చెప్పేవాడు. పసుపచ్చగా పైకి వచ్చిన గుడ్డ గాలి తగిలి నీలంగా తిరుగుతుంటే, ఎన్ని ముంపులకి ఏ నీలం వస్తుందో ముందే చెప్పేవాడు. రంభ ఊరి బెస్తల ఆడవాళ్ళు కట్టే నల్లనీలం కోకలకి అతని చెయ్యే కావాలనేవారు.

“బాతన్నా, నీ నీలం రంభ సముద్రంలో ముంచినా పోదంటగా!” అని ఎవడో హాస్యమాడితే, “రంభలో ఉన్నది సముద్రం కాదురా ఎర్రిబాగులోడా, సిలకసరస్సు. అదీ తెలీనోడివి, నా నీలం సంగతి నీకేటి తెలుస్తాది?” అనేవాడు.

అంతకుముందు, పద్నాలుగో ఏట, అతన్ని ఒకసారి చెన్నపట్నం తీసుకువెళ్ళారు. మిషను దొరసాని ఒకామె చూసి జాలిపడి, ఉత్తరం రాసిచ్చి తల్లినీ కొడుకునీ రైలెక్కించింది. పదిరోజులకి తిరిగి వచ్చారు. పిల్లాడికి ఏ మార్పూ లేదు. అక్కడేం జరిగిందంటే పైడన్న పలకలేదు. ఆ పదిరోజుల గురించి మళ్ళీ ఎప్పుడూ పలకలేదు. తల్లి మాత్రం అక్కడి పెద్ద డాక్టరు చెప్పినదాన్ని, ఒక తెలుగు కుర్రాడు విడమరిచి చెప్పగా విన్నదాన్ని, మూటగట్టి తెచ్చుకుంది.

పొలసరలో కాపరం చేస్తున్న వరహాలమ్మ భర్త కలరాతో పోయి, ఆమె ఇరవైరెండేళ్ళకే పుట్టింటికి వచ్చేసింది. తరవాత కొన్నేళ్ళకి తండ్రి పోయాడు. ఆపైన కన్నమ్మ మంచాన పడినప్పుడు కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఆ మూట విప్పింది.

“ఆ పచ్చిమాంసం అలా బయటుండి ఒరుసుకుంటే, నలభై దాటినాక అక్కడ రాసపుండు పుడతాదన్నాడే డాక్టరు. అందరికీ కాదు గాని, మిగతా జనానికన్నా ఇలాటోళ్ళకి శానా ఎక్కువంట. గుడ్డ ఒరుసుకుని ఎప్పుడైనా ఒక సుక్క కనబడితే బయం నేదు. అదే రోజూ రగతం కనబడితే మాత్రం ఆగొద్దన్నాడు. సిన్నగా ఉన్నప్పుడైతే కోసి తీసీగల్రంట. ఆడు నీకు సెప్పడు. ఆడు ఎవుడికీ సూపించడు. నువ్వు గుడ్డలు సూస్తుండు.”

“సూస్తానమ్మా” అంది వరహాలమ్మ.

పైడన్నకి ఆరేళ్ళు వచ్చినప్పటినించీ అతను ఆ చోటుని అక్కకి గాని, తల్లికి గాని చూపించలేదు. తలుపు వేసుకుని కట్టుకునేవాడు, తలుపు వేసుకుని విప్పేవాడు. వరహాలమ్మకి తెలిసిందల్లా గుడ్డలే. పైడన్న ముప్పయ్యో ఏట ఒకసారి రెండు రోజులు వరసగా చుక్కలు కనిపిస్తే ఆమె ఇల్లు ఎత్తి కుదేసింది.

“పద ఆసుపత్రికి.”

“కొత్త గుడ్డ గరుగ్గా ఉన్నాదప్పా. ఒరుసుకుంది.”

“పదమంటే పద.”

“వారం సూడు. అప్పుడూ కనబడితే నువ్వు మోసుకెల్లు.”

వారంలో అది తగ్గిపోయింది. ఆమె చూపు ఎంత గట్టిదో ఆ వారంలో పైడన్నకి తెలిసింది.

జర్మనీ యుద్ధం అయిపోయిన నాలుగేళ్ళకి గేట్ బజార్ బట్టల సావుకారు ఆదినారాయణ చంకలో ఒక రేకుడబ్బా పెట్టుకుని పాకకి వచ్చాడు. వస్తూనే ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

“ఒరే పైడన్నా, ఈ కంపు ఇంక కట్టిపెట్టరా. నీలం ఎవడూ కట్టడం నేదు. రంభ బెస్తోళ్ళు కూడా మిల్లు సీరలు అడుగుతన్నారు. ఇదిగో, సూడు. డబ్బా ఎరుపు. పదిరోజులు పులవబెట్టి దాన్ని బతిమాలక్కర్నేదు. ఏణ్ణీళ్ళలో ఎయ్యి, గుడ్డ ముంచు, తియ్యి. అంతే.”

“వాసనేటి బాబూ దీనికి?”

“వాసనే నేదురా! అదే గదా దీని గొప్ప.”

సావుకారు మూత తీయబోతే అది బిగుసుకుని ఉండి, ఊడిరావడంతో గుప్పెడు పొడి గాలిలోకి లేచింది. అంబలి తెచ్చి అక్కడే నిలబడ్డ వరహాలమ్మ తడికొంగు మీద కొంత పడింది. చూస్తుండగానే తెల్లకోక మీద రూపాయంత ఎర్రటి మచ్చ విచ్చుకుంది.

“ఓలమ్మ! నా కోక పాడుసేసినారు బాబూ.”

“అరిసి లాబం నేదే. ఒకపాలి పట్టిందంటే గుడ్డ సిరిగినా ఒగ్గదు. కుంకుడుకాయ గాని, సవుడు గాని, నీ తాతలు దిగొచ్చినా గాని. ఇంక నీ తమ్ముడి రంగుకి తిరుగునేదనుకో!”

ఆమె కుంకుడురసంతో రుద్దింది, బూడిదతో రుద్దింది, నిమ్మచెక్కతో రుద్దింది. పోలేదు. విధవ కొంగుకి ఎరుపేమిటని వీధిలో ఒకరిద్దరు మూతులు తిప్పారు. ఉన్నవి రెండు కోకలే గనక, మచ్చ ఉన్న కొసని లోపలికి దోపుకుని కట్టడం అలవాటు చేసుకుంది.

పాక ఎరుపుకి మారింది. పైడన్న చేతులు మోచేతులదాకా ఎర్రబడ్డాయి. పంచె ఎర్రబడింది. గుడ్డల మీద కూడా అక్కడక్కడ ఎర్రటి మరకలు పడ్డాయి. వాటిలో ఏది ఎప్పుడు పడిందో వరహాలమ్మకి ఆనవాలే. కాని వాసన లేని రంగుకి ఇంకో గుణం ఉంది. పక్కన పనిచేసే ఇద్దరూ నెల తిరక్కుండానే తమ బానలని పాక ఆ కొసకి మార్చుకున్నారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, ఎందుకని అతనూ అడగలేదు. తన మూల ఉన్న పాత నీలిబాన ఒక్కటి మాత్రం పూడ్చనివ్వలేదు. కొనేవాడు లేకపోయినా సున్నం వేస్తూ, కలుపుతూ, దాన్ని పులుపు చావకుండా బతికించుకుంటూ వచ్చాడు.

“ఎవుడికిరా ఈ నీలం?” అని సావుకారు అడిగితే, “నాకు బాబూ” అన్నాడు.

ఎరుపు వచ్చిన ఆరేడేళ్ళకి, ఠాకురాణి అమ్మవారి జాత్ర వెళ్ళిన వారంలో, వరహాలమ్మకి ఒక గుడ్డ మీద లేత ఎరుపు మరక కనిపించింది. అది తనకి ఆనవాలు లేని మరక. మర్నాడు రెండు గుడ్డల మీద. మూడోనాడు అన్నం పెడుతూ అడిగింది.

“అదేట్రా, గుడ్డలకి కొత్తగా ఎరుపు తగుల్తంది? రంగేనా?”

పైడన్న ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, “ఊఁ” అన్నాడు.

“బానలోకి అంత ఒంగితే సిందదేటి మరి. మొలకి గోనెపట్టా కట్టుకో.”

“ఊఁ.”

అంతటితో ఆ మాట అయిపోయింది. నిజం చెప్పాలంటే ఆ మాట అయిపోవడం ఆమెకీ హాయిగానే ఉంది. ఇరవై ఏళ్ళు ప్రతి పొద్దూ గుండె చేత్తో పట్టుకుని గుడ్డ విప్పిన మనిషి. ఎరుపు కనిపించగానే ఉలిక్కిపడవలసిన అవసరం లేని ఎరుపు ఒకటి ఇంట్లోకి వచ్చింది. పైగా మరకలు చన్నీళ్ళలో రెండు పిసుకుళ్ళకే పోయేవి. గుడ్డలు మల్లెపువ్వుల్లా తేలేవి. వాటిని దండెం మీద ఆరేస్తూ, పోనీలే, ఈ మాత్రం సుఖమైనా మిగిలిందనుకునేది.

రెండేళ్ళు అలా గడిచాయి. పైడన్న చిక్కాడు. నలభైనాలుగు వచ్చాయి గదా అనుకున్నారు. ముఖం తెల్లబారింది. ఎండ తగలని పాక గదా అనుకున్నారు. చైత్రమాసంలో ఒకనాడు మధ్యాహ్నం కాగుతున్న బాన పక్కన కూలబడ్డాడు. ఇద్దరు మోసుకొచ్చి అరుగుమీద పడుకోబెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఎత్తినప్పుడు గజ్జల దగ్గర ఏదో గట్టిగా బిళ్ళకట్టి తగిలిందని వాళ్ళలో ఒకడు చెప్పాడు. వరహాలమ్మ మరి పైడన్న మాట వినలేదు. జట్కా పిలిపించింది.

ఆసుపత్రిలో డాక్టరు భీమేశ్వరరావు నెమ్మదైన మనిషి. తెర అడ్డం పెట్టి, కాంపౌండరుని కూడా బయటికి పంపి, పైడన్నని తానొక్కడే చూశాడు. చాలాసేపు చూశాడు. చేతులు కడుక్కుని బయటికి వచ్చి వరహాలమ్మ ముందు నిలబడ్డాడు.

“రక్తం ఎన్నాళ్ళనుంచి పోతోందమ్మా?”

“రగతం నేదు బాబూ. రోజూ నానే ఉతుకుతాను. పొద్దున్నే సూస్తాను. అది రంగు.”

“ఏం రంగు?”

“అద్దకం రంగు బాబూ. డబ్బా ఎరుపు. మా పనే అది. పనిలో సిందుతాది.”

“గుడ్డల మీద పడుతుందా?”

“రోజూ పడతాది.”

“ఉతికితే పోతుందా?”

“సుబ్బరంగా పోతాది బాబూ. సన్నీళ్ళలో...”

అక్కడ ఆమె చెయ్యి తనంత తానే నడుం దగ్గరికి పోయి, లోపలికి దోపిన కొంగు కొసని బయటికి లాగింది. ఎనిమిదేళ్ళనాటి మచ్చ. కుంకుడుకాయకీ, బూడిదకీ, నిమ్మచెక్కకీ పోని మచ్చ. నిన్న పడ్డట్టు ఎర్రగా ఉంది. అద్దకంవాడి కూతురు. ఏ రంగు ఏ నీళ్ళకి వదులుతుందో నడక రాకముందునించి చూసిన మనిషి. ఆమె ఆ మచ్చని గోటితో గీకి చూసింది.

డాక్టరుకి కొంగు సంగతి తెలియదు. అయినా గొంతు తగ్గించి చెప్పాడు.

“రాచపుండమ్మా. రెండు గజ్జల్లోకీ దిగింది. ఇప్పుడు కోసి లాభం లేదు.”

“రెండేళ్ళ కిందటైతే బాబూ?”

ఆయన తెర వెనక్కి వెళ్ళి పైడన్నతో, “ఇలా పుట్టినవాళ్ళు లక్షమందిలో ఒకరో ఇద్దరో. ఇన్నేళ్ళు బతికినవాళ్ళు మరీ తక్కువ. నీకిష్టమైతే విశాఖపట్నం పంపుతాను. మందూ మంచమూ ఊరికే ఇస్తారు. డాక్టరీ చదివే పిల్లలు చూసి నేర్చుకుంటారు. రేపు ఇంకొకడికి పనికొస్తుంది” అన్నాడు.

పైడన్న పంచె సర్దుకుంటూ నవ్వాడు.

“అప్పుడు ముప్పైమంది సూసి నేర్సుకున్నారు బాబూ సెన్నపట్నంలో. ఆళ్ళందరూ ఇప్పుడు పెద్ద డాక్టర్లయ్యుంటారు. నలభై దాటింది గదా, ఏలాగున్నావురా అని ఒక్కడూ రానేదు.”

భీమేశ్వరరావు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నొప్పికి మందు రాసిచ్చాడు.

ఇంటికి వచ్చి, అతన్ని మంచం మీద పడుకోబెట్టి, తలుపు మూసి, వరహాలమ్మ ఎదురుగా నిలబడింది.

“నీకు తెల్సా?”

“ఏటి?”

“రగతమని.”

“తెల్సు.”

“ఎప్పట్నించి?”

“మొదటి రోజునించి.”

“మరి రంగని ఎందుకన్నావురా?”

“నానననేదప్పా. నువ్వే అన్నావు. నాను ఊఁ అన్నాను.”

ఆమె చేతికందిన చెంబుని గోడకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. పైడన్న గోడవైపు తిరిగి, ముప్పై ఏళ్ళుగా చెప్పనిది చెప్పాడు.

“బల్లమీద పడుకోబెట్టినారు. నూలుపోగు నేదు ఒంటిమీద. అమ్మని బయట కూకోబెట్టినారు. కుర్రోళ్ళు సుట్టూ మూగినారు. ఒకడు ముక్కు మూసుకున్నాడు. ఒకడు బొమ్మ గీసినాడు. దొర కర్రముక్కతో ఇక్కడ, ఇక్కడ అని సూపిస్తన్నాడు. ఫొటో తీసినారు. నా మొకం ఎవుడూ సూడనేదప్పా. పొద్దున్నించి మజ్జేనం దాకా ఒక్కడూ సూడనేదు.”

“దానికని సచ్చిపోతావురా?”

“సావు ఎప్పుడో గదా, బల్ల రేపే గదా అనుకున్నాను.”

“ఇరవై యేళ్ళు సూసినాన్రా నాను! నా కళ్ళెందుకు మరి?”

“నువ్వు సూస్తన్నావన్న దయిర్నంతోనే నాను సూసుకోడం మానీసినాను” అన్నాడు. కాసేపాగి, “రంగేనా అని నువ్వడిగినప్పుడు కాదందామనే నోరు తెరిసినాను. నీ మొకం సూస్తే అవునంటే బాగుణ్ణన్నట్టున్నాది” అన్నాడు.

అబద్ధమని కొట్టిపారెయ్యడానికి వీలు లేని మాట అది. వంగి మంచం కింద చెంబు వెతుక్కుంది.

పైడన్న వానలు పడేదాకా బతికాడు. రోగం పేరు వీధిలో పాకింది. సావుకారు మనిషిని పంపి, పైడన్న చేత్తో అద్దిన పెళ్ళి గుడ్డలన్నీ పాకలోంచి పట్టించుకుపోయాడు. పారేయిస్తాడేమో అనుకున్నారు. రెండు రోజులు ఎండలో ఆరబెట్టించి, గేట్ బజార్‌లో ఎప్పటిలాగే అమ్మాడు. రంగు పోలేదు గనక కొన్నవాళ్ళకి ఏ లోటూ కనిపించలేదు. వరహాలమ్మ మాత్రం పాకకి వెళ్ళి రోజూ ఆ మూల నీలిబాన కలిపి వచ్చేది. వచ్చినప్పుడు ఆమె చేతుల వాసన తగిలి అతను కళ్ళు తెరిచేవాడు.

శ్రావణంలో ఒకనాటి ఉదయం ప్రాణం పోయింది. వాన వెలిసాక కులపెద్ద కొండబాబు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళలో శవానికి స్నానం వాకిట్లో చేయిస్తారు. చెక్క పలక వేసి, పడుకోబెట్టి, వీధి వీధంతా చూస్తుండగా మగవాళ్ళు కుండలతో నీళ్ళు పోస్తారు. పలక తెచ్చి వాకిట్లో వేశారు. వాకిట్లో ఆ ఉదయం మామూలుకన్నా ఎక్కువమంది ఉన్నారు. ఎందుకున్నారో వరహాలమ్మకి తెలుసు. నలభై అయిదేళ్ళు తెలియనిది ఏమిటో తెలుసుకోవాలని వచ్చారు.

ఆమె నాలుగు కుండలు లోపలికి లాక్కుని తలుపు గడియ వేసింది.

“ఏటే అది? తలుపు తియ్యి!” అని బయటినించి కొండబాబు కేకవేశాడు.

“నానే పోస్తాను నీళ్ళు.”

“ఆడకూతురివి. ఆచారం కాదే!”

“కాపోతే పోనీ. ఇరవై యేళ్ళ పైన నానే ఉతికినాను. ఈ ఒక్కపాలికి మీ సెయ్యి అక్కర్నేదు.”

“కులంలో మాటొస్తాది, తెల్సా?”

“రానీ. తెరిసినప్పుడు మోసుకెల్లడానికుండండి సాలు.”

బయట గొణుగుళ్ళు లేచాయి. ఎవరో నవ్వారు. ఆమె కిటికీ రెక్క ఒకటి తీసింది. వెలుగు మంచం మీద పడింది. ఇన్నేళ్ళు గుడ్డని వెలుగుకి పట్టుకుని చూసిన మనిషి, ఇప్పుడు గుడ్డ తీసి చూసింది.

గోధుమపిండి ముద్దలా లేచి, అంచులు గట్టిపడి, మధ్యలో చితికిన పుండు. దానికి ఒక పక్కన, పుండు ఇంకా చేరని చోట, బొటనవేలంత మేర పుట్టుకనాటి మాంసం మిగిలి ఉంది. మెత్తగా, లేతగా ఉంది. పసిపిల్లాడి పెదవిలా ఉంది. వరహాలమ్మ దానికేసి చాలాసేపు చూసింది. చిన్నప్పుడెప్పుడో చూసినది చెరిగిపోయి, ఇన్నేళ్ళూ ఏదో ఘోరమైనది ఊహించుకుంటూ వచ్చింది.

“దీన్నేనా దాసినావు?” అంది పైకే. “ఇంతోటి దానికా?”

ఒక్కొక్క కుండే ఎత్తి పోసింది. నీళ్ళు ముందు ఎర్రగా పారాయి, తరవాత తేటగా పారాయి. తుడిచి, నాలుగు మడతల కొత్త గుడ్డ వేసి ఎప్పటిలాగే గట్టిగా కట్టింది. మూల బానలో తొమ్మిది ముంపులు ముంచి తాను అద్దిన నల్లనీలం పంచె మీద కప్పింది. పంచె అంతటా ఒకేలా రాలేదు. అతనైతే ఒప్పుకునేవాడు కాదు.

అప్పుడు గడియ తీసి, “రండి” అంది.